నీటిగుర్రం పైకి వచ్చేదాకా

జూ పార్కుకి వెళ్దామన్నది మా అల్లుడు. సరదాకి కాదు. మా మనవరాలికి మూడున్నరేళ్లు నిండాయి, ఇంకా మాటలు రాలేదు. ‘అమ్మ’ అని కూడా అనేది కాదు. ఏదైనా కావాలంటే మన చూపుడు వేలు పట్టుకుని అక్కడికి లాక్కుపోయేది. ఫ్రిజ్ దగ్గరికి లాక్కుపోతే పెరుగు, బాల్కనీలోకి లాక్కుపోతే పావురాలు. చెవుల పరీక్ష చేయించాం, బాగానే వినిపిస్తోందన్నారు. పెద్ద పరీక్షలు ఇంకొన్నాళ్లు చూసి చేద్దామన్నాడు పిల్లల డాక్టరు. ఆ ‘ఇంకొన్నాళ్లు’ అనే మాట మా ఇంటి గోడకి కొట్టిన మేకులా ఉండిపోయింది. ఎటు నడిచినా కొంగు దానికే తగులుకునేది.

నేను కాకినాడలో ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి రిటైరయ్యాను. పాప పుట్టాక మా అమ్మాయి మళ్లీ ఉద్యోగంలో చేరినప్పుడు హైదరాబాద్ కొత్తగూడ వచ్చి ఇక్కడే ఉండిపోయాను. కూతురూ అల్లుడూ ఇద్దరూ సాఫ్ట్‌వేరే. ఇద్దరిదీ గోదావరి జిల్లాల గాలే, ఇద్దరూ పుట్టినప్పటి నుంచి వాగుడుకాయలే. మా అమ్మాయికి పసితనంలో వస అరగదీసి నాకించినప్పుడు నా చెయ్యి కాస్త బరువైనట్టుంది, స్కూల్లో టీచర్లు దాని నోటికి దణ్ణం పెట్టేవారు. అలాంటిదాని కడుపున ఇలాంటి మౌనస్వామి ఎలా పుట్టిందో నాకు అర్థమయ్యేది కాదు. పాపకి కూడా వస నాకిస్తానంటే డాక్టరు వద్దన్నాడని దాన్ని డబ్బాతో సహా అటక మీద పెట్టించేశారు.

మాటలు నేర్పించే మేడం ఒకావిడ ఉంది, మాదాపూర్‌లో. ఆవిడ అంతా విని, “పిల్ల చుట్టూ భాషలు ఎక్కువైపోయాయి. ఇంట్లో ఒకే భాష మాట్లాడండి” అంది. మంచి సలహానే. ఇంట్లో ఉన్న పెద్దవాళ్లందరి మాతృభాషా తెలుగే. అయినా మా అమ్మాయీ అల్లుడూ ఆ ఆదివారం కూర్చుని, ఒక గంట చర్చించి, ఆ ఒక్క భాష ఇంగ్లీషు అని తేల్చారు. స్కూల్లో ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనట, తర్వాత అయినా నేర్పాల్సిందేనట, ఇప్పుడే మొదలెడితే గందరగోళం ఉండదట. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ మందు పోసిన రోజు అదే.

నాకు ఇంగ్లీషు రాదని కాదు. ముప్పయ్యేళ్లు ఫైళ్లు రాశాను. కానీ నాకు వచ్చింది ఆఫీసు ఇంగ్లీషు. పై విషయం పరిశీలించి తగు చర్య తీసుకోవలసిందిగా కోరడమైనది అని రాయమంటే ఇప్పుడైనా కళ్లు మూసుకుని రాస్తాను. దాంతో పిల్లకి అన్నం ఎలా తినిపిస్తాం? “కమ్, ఈట్ పప్పు” అనేదాన్ని. పప్పుకి ఇంగ్లీషు మాట వాడమని కూతురు అవతలి గదిలోంచి మీటింగు మధ్యలో మైకు ఆపి మరీ అరిచేది. చందమామని పిలవడం లేదు, బువ్వ లేదు, లాల లేదు. పిల్లతో నేనేదో పైఅధికారితో మాట్లాడినట్టు మాట్లాడేదాన్ని. ఆ పైఅధికారి నా వైపు ఒకసారి చూసి, నా వేలు పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కుపోయేది.

పాపని చూసుకోవడానికి ఒక ఆయమ్మ వచ్చేది. పాలమూరు వైపు మనిషి, ముప్పయ్యేళ్లుంటాయి. భర్త పక్క అపార్ట్‌మెంట్‌లో సెక్యూరిటీ. ఆ అమ్మాయికి ఇంగ్లీషు రాదు కాబట్టి, పాప ముందు మాట్లాడకుండా పనిచేయాలని మా వాళ్లు షరతు పెట్టారు. పాపం, ఆ పిల్ల స్వతహాగా మాటల పుట్ట. వంటింట్లో నా దగ్గరికి వచ్చి గబగబా నాలుగు మాటలు కక్కేసి, హాల్లోకి వెళ్లేముందు పెదవులు బిగించుకునేది. “ఇదేం నౌకరి పెద్దమ్మా, నోటికి కిరాయిస్తున్నట్టున్నరు” అనేది నవ్వుతూ.

సాయంత్రం ఇంగ్లీషు కార్డుల పాఠం ఉండేది. అల్లుడు ఒక్కో కార్డు ఎత్తి చూపించి, పేరు చెప్పి, పాప నోటి వంక చూసేవాడు. చూడగా చూడగా పాప ఏం చేసేదంటే, కార్డుల డబ్బా చప్పుడు వినగానే డైనింగ్ టేబుల్ కిందకి దూరిపోయేది. కుర్చీల కాళ్ల మధ్య ముడుచుకుని కూర్చునేది. తండ్రి బతిమాలినా, తల్లి బొమ్మ చూపించినా, నేను ఆశ పెట్టినా కదిలేది కాదు. చివరికి ఆయమ్మ వెళ్లి టేబుల్ పక్కన గొంతుక్కూర్చుంటే, కాసేపటికి పాప మెల్లిగా బయటికి వచ్చేది. ఎలా రప్పించేదో మాకెవరికీ తెలియదు. వాళ్లిద్దరూ ఎలాగూ మాట్లాడుకోరు కదా అనుకునేవాళ్లం.

కార్డుల్లో చూసినవాటిని కళ్లారా చూస్తే నోరు విప్పుతుందేమోనని జూ ప్రయాణం పెట్టారు. శనివారం పొద్దున్నే బయల్దేరాం. అల్లుడు కారు నడుపుతున్నాడు, పక్కన మా అమ్మాయి. వెనక నేను, పాప, ఆయమ్మ. గచ్చిబౌలి అద్దాల మేడలు దాటి, ఊరు చుట్టూ తిరిగి, పాతబస్తీ వైపు చేరేసరికి ఎండ మొదలైంది. ముందురోజు రాత్రి బాగా వాన కురిసింది. పులిహోర చేశాను. ఎక్కడికి వెళ్తున్నామన్నది మాకు తర్వాతి సంగతి, పులిహోర ముందు. గేటు దగ్గర సంచీ వెతికి ప్లాస్టిక్ కవర్లన్నీ తీయించారు. పులిహోర స్టీలు డబ్బాలో ఉంది కాబట్టి బతికిపోయింది.

జూ అంటే నాకు కటకటాలే గుర్తు. ఇక్కడ చాలాచోట్ల అవి లేవు. మనం ఇవతల, మధ్యలో లోతైన కందకం, అవతల గుట్టలూ నీళ్లూ చెట్లూ, వాటి మధ్య వాటి ఇష్టానికి అవి. దారికి రెండు పక్కలా వెదురు పొదలు వంగి తలల మీద కలుసుకుంటున్నాయి. ఊడలూ తీగలూ అల్లుకుపోయి, నేలంతా తడి ఆకులు పరుచుకుని, నిజంగా అడవిలోకి వచ్చినట్టే ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో కుండీలో ఒక తులసి, ఒక మనీ ప్లాంటు. ఇంత పచ్చదనం చూసి చాలా కాలమైంది. నా మోకాళ్లు కూడా మొదటి అరగంట నోరెత్తలేదు.

కానీ మా వాళ్లు అడవిలోకి కూడా కార్డుల డబ్బా మోసుకొచ్చినట్టే ఉంది. అల్లుడు పాపని భుజం మీదికి ఎత్తుకుని, “లుక్ బేబీ, దిస్ ఈజ్ జిరాఫ్. సే జిరాఫ్” అంటాడు. పాప జిరాఫ్‌ని చూస్తుంది, తండ్రి నోటిని చూస్తుంది, అతని చొక్కాలో మొహం దాచేసుకుంటుంది. ఏనుగు దగ్గర అదే. ఎలుగుబంటి దగ్గర అదే. తెల్లపులి అయితే మా ఇంగ్లీషు రెండు వాక్యాలు విని వీపు తిప్పేసి పడుకుంది. పక్కనే ఒక బురఖా ఆమె, చంకలో చిన్న పిల్ల. మా పాపకంటే చిన్నదే. “అమ్మీ, షేర్ సోగయా” అంది ఆ పిల్ల ముద్దుముద్దుగా, పులి నిద్రపోయిందని. మా అమ్మాయి ఆ పిల్ల వంక అలాగే చూస్తూ నిలబడిపోయింది. తర్వాత నల్లకళ్లద్దాలు పెట్టుకుంది, చెట్ల నీడలో.

నీటిగుర్రం చెరువు దగ్గరికి వచ్చేసరికి నా మోకాళ్లు నోరెత్తాయి. సింహాలని చూపించే బస్సుకి టికెట్లు తీసుకోవాలి, లైను పెద్దదిగా ఉంది. “మీరు ఇక్కడ కూర్చోండి అత్తయ్యగారూ, మేం తీసుకొస్తాం” అని అల్లుడూ అమ్మాయీ వెళ్లారు. చెరువుకి ఎదురుగా ఒక సిమెంటు బెంచీ ఉంటే కూలబడ్డాను. ఆయమ్మ పాపని తీసుకెళ్లి పిట్టగోడ దగ్గర నిలబడింది, షరతు ప్రకారం నోరు మూసుకుని. నీళ్లలో ఒక నీటిగుర్రం ఉంది. చెవులు, కళ్లు, ముక్కు మాత్రమే పైకి. పాప దాన్నే చూస్తోంది. చూస్తూండగానే అది మొత్తం మునిగిపోయింది. పైన నాలుగు బుడగలు, అంతే.

గాలి చల్లగా ఉంది. నేను కళ్లు మూసుకున్నాను.

“ఇగ సాలు బిడ్డా, బయటికి రా. ఎవ్వలేమనరు.”

ఆయమ్మ పాపతో మాట్లాడుతోందనుకున్నాను. మాట్లాడితే మాట్లాడింది, మా వాళ్లు లేరు కదా అని కళ్లు తెరవలేదు. కానీ గొంతు మరీ సన్నగా ఉంది. మళ్లీ వినిపించింది. “ఇగ సాలు. రా.” కళ్లు తెరిచేసరికి ఆయమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని నా వైపే చూస్తోంది. పాప పిట్టగోడ మీద గడ్డం ఆనించి నీళ్ల వైపు చూస్తోంది. చెయ్యి చాపి, వేళ్లు ఆడిస్తూ, మునిగిన నీటిగుర్రాన్ని పిలుస్తోంది.

నేను లేవబోయి మళ్లీ కూర్చుండిపోయాను.

ఆయమ్మ పరుగున వచ్చింది. కళ్లలో నీళ్లు. “నేను నేర్పలే పెద్దమ్మా, ఒట్టు. టేబుల్ కింద దూరితే బయటికి పిలిచేటందుకు చెవుల మెల్లగ అంటుంటి. గంతే. నాతోని ఎప్పుడు మాట్లాడలే. మేడంకు చెప్పకుండ్రి, నన్ను తీసేస్తరు” అంది.

టేబుల్ కింద జరిగిన సంగతి అప్పుడు తెలిసింది నాకు. ముగ్గురం చదువుకున్నవాళ్లం టేబుల్ చుట్టూ నిలబడి సే, సే, సే అంటూంటే, ‘ఎవరూ ఏమీ అనరు, రా’ అన్న మనిషి ఆయమ్మ ఒక్కతే. ఆ మాట పాపకి ఎంత అవసరమైందో, అక్కడ నీళ్లలో దాక్కున్నదానికి కూడా అదే అవసరమనుకుంది.

నిజం చెప్పొద్దూ, కడుపులో కొంచెం మండింది కూడా. పుట్టినప్పటి నుంచి ఒళ్లో వేసుకుని పెంచాను. దాని మొదటి మాటలో మా గోదావరి తెలుగు ఒక్క ముక్క లేదు. ‘చాలు’ కాదు, ‘సాలు’. మా వైపు వాళ్లకి ఒక జబ్బు ఉంది లెండి, మేం మాట్లాడేదే తెలుగనీ మిగతావాళ్లది ఏదో కాస్త తెలుగులాంటిదనీ. ఆ జబ్బు నాకూ ఉంది. కానీ ఆ మంట ఎంతసేపు? నా మనవరాలికి గొంతు ఉంది. లోపల మాటలు ఉన్నాయి. ఒకటీ అరా కాదు, వాక్యానికి వాక్యం ఉంది. నాకు ప్రాణం లేచివచ్చింది.

“ఊరికే ఏడవకు. వెళ్లు, దాంతో మాట్లాడు” అన్నాను.

“మాట్లాడాల్నా?”

“నీకు ఎన్ని మాటలొస్తే అన్నీ మాట్లాడు. నేను చూసుకుంటాను.”

ఆయమ్మ కళ్లు తుడుచుకుని వెళ్లి పాప పక్కన గొంతుక్కూర్చుంది. “అది గట్లనే ఉంటది బిడ్డా. నీళ్లల్ల సల్లగుంటది గద. జరసేపైతే మల్ల వస్తది.”

“ఎందుకు?” అంది పాప.

“దానికి ఊపిరాడాలె గద.”

పాప ఆ మాటని నోట్లో చప్పరించినట్టు పెదవులు కదిపింది. నేను బెంచీ మీద కూర్చుని ఏడుస్తున్నాను. ఎదురుగా ఎవరో ఫొటోలు తీసుకుంటున్నారు, నన్ను చూసి పక్కకి జరిగారు.

మా వాళ్లు టికెట్లతో తిరిగొచ్చారు. పాప మాట్లాడిందని చెప్పాను. మా అమ్మాయి కళ్లద్దాలు తీసి, నా మొహంలోకి చూసి, “అమ్మా, నీకు అలా అనిపించిందేమో” అంది నీరసంగా. ఇంతకుముందు ఇలా రెండు మూడుసార్లు అయింది మరి, పాప దగ్గినా అదేదో మాట అనుకుని పొంగిపోయాం. అల్లుడు మాత్రం అప్పటికే మోకాళ్ల మీద కూర్చున్నాడు. “బేబీ, టెల్ డాడీ. వాట్ డిడ్ యూ సే? సే ఇట్ అగైన్.”

పాప గడ్డం గుండెకి ఆనించేసింది. అటూ ఇటూ చూసింది. అక్కడ డైనింగ్ టేబుల్ లేదు. నా కాళ్ల వెనక నుంచి సిమెంటు బెంచీ కిందకి దూరిపోయింది.

మా అమ్మాయి ఇంక చూడలేనట్టు అటు తిరిగింది. అంత దగ్గరికి వచ్చి జారిపోయిందేమోనని నాకు భయమేసింది. అల్లుడు బెంచీ కిందకి వంగి మళ్లీ “బేబీ” అనబోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

“బాబూ, మీ ఇంగ్లీషుకో దణ్ణం. కాసేపు పక్కకి జరగండి” అన్నాను. పెళ్లయినప్పటి నుంచి అతన్ని ఒక్క మాట గట్టిగా అన్నదాన్ని కాదు. అతను జరిగాడు. ఆయమ్మతో, “పిలువు” అన్నాను.

ఆ పిల్ల మా అమ్మాయి వంక భయంగా చూసింది.

“నేనున్నాను కదా. పిలువు.”

ఆయమ్మ తడి నేల మీదే కూర్చుంది. బెంచీ కిందకి తల వంచి, “ఇగ సాలు బిడ్డా, బయటికి రా. ఎవ్వలేమనరు” అంది. సరిగ్గా అప్పుడే వెనక చెరువులో బుస్సుమని నీళ్లు చిమ్మిన శబ్దమైంది. నీటిగుర్రం పైకి వచ్చి చెవులు టపటపా విదిలించింది.

“వచ్చిందా?” అంది బెంచీ కింద గొంతు.

“వచ్చింది. దా, సూద్దాం.”

పాప పాక్కుంటూ బయటికి వచ్చింది. మోకాళ్లకి మట్టి, జుట్టులో ఎండుటాకు. మా అందరినీ దాటుకుని పిట్టగోడ దగ్గరికి వెళ్లి, వెనక్కి తిరిగి తండ్రి వేలు పట్టుకుంది. ఎప్పటిలాగే లాగింది. ఈసారి మాట కూడా వచ్చింది.

“నాన్నా, సూడు. దానికి ఊపిరాడాలె గద.”

అల్లుడు పాప పక్కన మోకాళ్ల మీద వాలాడు. ఆఫీసులో దేశదేశాల వాళ్లతో గంటలు గంటలు మాట్లాడే మనిషి. మాటలు కూడబలుక్కుంటూ, “ఆడాలి తల్లీ. ఆడకపోతే ఎలా మరి” అన్నాడు. అచ్చంగా వాళ్ల అమలాపురం తెలుగు. కూతురితో అతను తెలుగులో మాట్లాడి ఎన్ని నెలలయిందో. మా అమ్మాయి నేల మీదే చతికిలబడి, పాపని ఒళ్లోకి లాక్కుని భోరుమంది. పాప దాని చేతిలోని కళ్లద్దాలు లాక్కుని తను పెట్టుకుంది.

కాస్త తేరుకున్నాక ఆయమ్మ దూరంగా నిలబడి కొంగు నలుపుతూ, “మేడం, ఇగ నన్ను తీసేస్తరా?” అంది.

“తీసేయడమా? రేపటి నుంచి ఇంట్లో నువ్వు నోరు మూసుకుంటే, అప్పుడు తీసేస్తాను” అంది మా అమ్మాయి, ఏడుపులోంచే నవ్వుతూ.

వెదురు పొదల నీడలో కూర్చుని పులిహోర తిన్నాం. ఆ రోజు ఉప్పు తక్కువైందని నాకు తర్వాత తెలిసింది, తినేటప్పుడు ఒక్కరూ గమనించలేదు. కోతులొచ్చి డబ్బా మూత ఎత్తుకుపోయినా ఎవరికీ కోపం రాలేదు. సింహాల బస్సు కూడా ఎక్కాం. సింహం చెట్టు కింద నిద్రపోతుంటే, అది కూడా లేచి రావాలని పాప అద్దం మీద చేత్తో కొట్టి పిలిచింది. నీటిగుర్రం వచ్చింది కాబట్టి సింహం కూడా వస్తుందని దాని లెక్క. రాకపోతే, “నిద్ర” అని తనే మాకు సర్దిచెప్పింది. మేమెవరం సే అనలేదు. అడగాలని మాత్రం నాలుక చివర దురద పెట్టింది, ఆపుకున్నాం.

తిరుగు ప్రయాణంలో కారు ఎక్కాక మొదలైంది. మూడేళ్లుగా పోగుచేసుకున్నదంతా ఒక్కసారే కట్ట తెంచుకుంది. ఏనుగు స్నానం చేసిందట. పులి అలిగిందట. కోతి మూత ఎత్తుకపోయిందట, దాన్ని కొట్టాలట, కొట్టొద్దట. సగం మాటలు సగంలో విరిగిపోతున్నాయి, కొన్నిటికి అర్థమే లేదు. అయినా ఆగదు. ఆయమ్మ ఊ కొడుతోంది, అల్లుడు ఊ కొడుతున్నాడు, మా అమ్మాయి వెనక్కి తిరిగి కూర్చుని ఊ కొడుతోంది. గచ్చిబౌలి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. చుట్టూ హారన్లు. నాకు పొద్దున్నుంచి నడిచిన అలసట, ఏడ్చిన తలనొప్పి. పాప నా చెవి దగ్గరే నోరు పెట్టి ఏనుగు కథ అయిదోసారో ఆరోసారో మొదలెట్టింది.

“అబ్బ, కాసేపు నోరు మూసుకోవే తల్లీ, చెవులు చిల్లులు పడుతున్నాయి” అన్నాను.

పాప కథ సగంలో ఆపింది. అల్లుడు అద్దంలోంచి నన్ను చూశాడు. నేను నాలుక కరుచుకున్నాను. పాపని ఆ మాట అనవలసిన అవసరం అంతవరకూ మా ఇంట్లో ఎవరికీ కలగలేదు.

మా అమ్మాయి ముందు సీట్లోంచి చెయ్యి చాపి నా మోకాలి మీద వేసింది. దాని కళ్లు మళ్లీ నిండాయి.

“అమ్మా, ఆ మాట ఇంకోసారి అనవే” అంది.

“నోరు మూసుకోవే తల్లీ” అన్నాను నేను, పాప తల మీద చెయ్యి వేసి.

పాప మా ఇద్దరినీ ఒకసారి చూసింది. తర్వాత ఏనుగు కథ ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి మళ్లీ ఎత్తుకుంది.